కుడి మూల బటన్

మా కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి ఒక జాబితా ఇస్తే చాలు, దానంతట అదే వెబ్ యాప్ తయారుచేసి పెడుతుంది. హాస్టల్ గదుల జాబితా ఇస్తే హాస్టల్ యాప్, మందుల జాబితా ఇస్తే మందుల షాపు యాప్. ఎవరూ కూర్చుని ఒక్కో పేజీ గీయరు. ఆ యాప్‌లన్నీ తొడుక్కునే బట్టలు మాత్రం ఎవరో ఒకరు ముందే కుట్టి పెట్టాలి. ఏ రంగు, ఎంత అక్షరం, బటన్ ఎక్కడ అన్నవన్నీ. దాన్ని థీమ్ అంటారు. దుర్గ్ పక్కన రుఆబాంధాలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని ఆ థీమ్ కుట్టింది నేను.

అది నా మొదటి పెద్ద పని. తెల్లటి తెర, దాని మీద పల్చని బూడిద రంగు అక్షరాలు, కింద కుడి మూలన అదే రంగులో సన్నని సేవ్ బటన్. చేసినన్ని రోజులూ ఫోన్‌లో దాన్ని చూసుకుంటూనే అన్నం తిన్నాను.

వాడి చూడ్డానికి నిజమైన జాబితా ఒకటి కావాల్సి వచ్చింది. నాన్న రిటైరయ్యాక రోజూ సాయంత్రం మా తెలుగువాళ్ళ సంఘం లైబ్రరీలో కూర్చుంటాడు. పుస్తకం పేరు, తీసుకున్నవాళ్ళ పేరు, తేదీ రాసుకునే ఆయన రిజిస్టర్‌ని యాప్‌గా మార్చి ఆయన ఫోన్‌లో పెట్టాను.

మూడో రోజు అడిగాడు. "అమ్మలూ, రాసింది దాచడానికి బటన్ ఏదే? నాకు అవుపడ్డం నేదు."

"కింద కుడి మూలన ఉంది నాన్నా."

"మూలన ఏటీ నేదే."

"ఉంది. సరిగ్గా చూడు."

నాన్న ఇక్కడి స్టీల్ ప్లాంట్‌లో, పెయింటింగ్ గ్యాంగ్‌లో పనిచేశాడు. క్రేన్ల మీద నంబర్లు, గ్యాస్ పైపుల మీద డేంజర్ అన్న మాట రాసిన చేతులు ఆయనవి. రంగుల విషయంలో ఊరుకోడు.

"పైపు మీద రాత, కింద నడిచీవోడు తలెత్తితే చదవగలగాలి. తెలుపు మీద బూడిదేటే? ఇలగ రాస్తే మా ఫోర్‌మన్ చేతిలో బ్రష్ లాగీసుకునీవోడు."

"ఇది పైపు కాదు నాన్నా, డిజైన్ హై యే. మీ ప్లాంట్ పసుపు రంగు తెచ్చి నా నెత్తిన రుద్దకు."

"తండ్రికీ కూతురికీ దెబ్బలాడుకోడానికి ఇంకేటీ దొరకలేదా?" అంది అమ్మ వంటింట్లోంచి.

ఆ తర్వాత లైబ్రరీ నుంచి వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. "ఈ పేరు గడి ఎక్కడే తల్లీ?" అని ఒకటి. "అక్షరాలు మధ్యలో మాయమైపోతన్నాయే" అని ఇంకొకటి. నేను మీటింగ్‌లో ఉంటే కూడా వచ్చేవి. చష్మా మార్చుకో అని రాసి పంపేదాన్ని. ఒక్కోసారి అదీ రాయకుండా కోపం బొమ్మ ఒకటి పెట్టేదాన్ని.

ఒకసారి నేరుగా లైబ్రరీకే వెళ్ళాను. బల్ల చుట్టూ ఆయన స్నేహితులు నలుగురున్నారు. ఫోన్ అందరికీ చూపించాను. అందరూ బటన్ చూపించారు. "చూశావా? అందరికీ కనిపిస్తోంది, నీ ఒక్కడికే ఏంటి ప్రాబ్లం?" అన్నాను, అందరి ముందూ. ఆ మాట అన్నది నేను, విన్నదీ నేనే. అయినా నాకు వెలగలేదు. నాన్న నవ్వి, "సరేలే, నేర్చుకుంటాను" అన్నాడు.

మరుసటి రోజు నుంచి మెసేజ్‌లు రాలేదు. ఆయన మళ్ళీ రిజిస్టర్‌లో రాసుకుంటున్నాడని అమ్మ చెప్పింది. ఇక నా ప్రాణానికి హాయి అనుకున్నాను. థీమ్ విడుదలైంది. పుట్టిన ప్రతి యాప్ ఆ బూడిద రంగే తొడుక్కుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, వైశాలి నగర్‌లో ఎవరినో చూసి సైకిల్ మీద వస్తూ నాన్న ఆగి ఉన్న ఆటోకి గుద్దుకున్నాడు. కుడి భుజం కమిలిపోయింది. "ఆగున్న బండిని గుద్దడమేటండీ?" అని అమ్మ ఏడ్చింది. స్కూటీ మీద ఆయన్ని దుర్గ్‌లో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

తల ఒక గిన్నెలాంటి మెషీన్‌లో పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ నొక్కమన్నారు. నేను పక్కన నిలబడ్డాను. చాలాసేపు టిక్కుమన్న చప్పుడే రాలేదు. నొక్కు నాన్నా అని అరవబోయి నోరు మూసుకున్నాను.

కాగితం మీద కింది వైపంతా నల్లగా, అంటే చూపు లేనట్టు వచ్చింది. కుడి కన్ను మరీ. కాలా మోతియా అంది డాక్టర్. మనవాళ్ళు నీటికాసులంటారు. నొప్పి ఉండదట, పల్చని రంగులు ముందు పోతాయట. "జో గయా వో వాపస్ నహీ ఆయేగా, అంకుల్." పోయిన చూపు ఇక రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగింది.

"ఈమధ్యేనండి. నాకే తెలీలేదు" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

ఎప్పటి నుంచన్నది నా ఫోన్‌లో ఉంది. బయట బెంచీ మీద కూర్చుని ఆయన మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ పోయాను. మొదటి మెసేజ్ ఎండాకాలం మొదట్లోది. ప్రతి దాని కిందా నా జవాబు.

తిరిగి వస్తూ ఒంటి చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. వెనక నుంచి ఆయనే అన్నాడు. "ఏడిస్తే రోడ్డు అవుపడదే. చూసి నడుపు." మలుపు దాటాక, "నా కన్నూ పోయింది, నీ రంగూ పల్చనే. ఇద్దరిదీ తప్పే, సగం సగం."

సగం కాదని ఆయనకీ తెలుసు.

థీమ్ మార్చాను. నల్లటి అక్షరాలు, మధ్యలో వెడల్పాటి ముదురు నీలం బటన్. మోటుగా ఉందన్నారు కంపెనీలో. ఫోన్లోనే పోట్లాడాను. చివరికి ఒప్పుకున్నారు. ఒక్క చోట మారిస్తే అన్ని యాప్‌లూ ఆ సాయంత్రానికే మారిపోయాయి.

నాన్నతో లైబ్రరీకి వెళ్ళాను. ఒకప్పుడు క్రేన్ నడిపిన ఆయన స్నేహితుడు ఫోన్‌లోకి తొంగి చూశాడు. "ఇదేటి బావా, బటన్ రొట్టె ముక్కంతుంది?"

"మా అమ్మాయి పెట్టింది. కింద నుంచి కూడా చదవొచ్చు, చూడు."

ముఖం కాస్త పక్కకి తిప్పి, బటన్ వెతికి పట్టుకుని నొక్కాడు. మొదటి చూపులోనే దొరికినట్టు స్నేహితుడి వైపు తిరిగి నవ్వాడు. తెర మీద పేరు గడి ఖాళీగా ఉండిపోయింది. నల్లటి గీతలతో, పెద్దగానే గీశాను దాన్ని. అయినా అది ఆయన కంటికి లేదు.

ఫోన్ లాక్కోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "నాన్నా, పేరు" అన్నాను.

"ఓహో" అని ఆయన తెర మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వెతకడం మొదలుపెట్టాడు. నా ఫోన్ మోగుతున్నా తియ్యలేదు. ఆయన వేలు గడి దాకా వచ్చేవరకు చూస్తూ కూర్చున్నాను.