గృహమునకు బోవుచున్నాము

ఆ క్షణం ఏదో నాకు కచ్చితంగా తెలుసు. అది రికార్డయి ఉంది.

పొద్దున చదివిన కథను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి వింటున్నాను. వర్తకుడి కొడుకు, కోడలు అడవిలో దారి తప్పే చోటు. నా గొంతు వెనక ఎప్పుడూ ఉండే హోరు ఉంది. మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ నడుమ, విజయవాడ రోడ్డు మీదికి తెరుచుకునే సందులో. కిటికీకి పరుపు ఆనించి చదివినా బస్సుల మోత, షేర్ ఆటోల గోల లోపలికి వచ్చేస్తాయి. ఒక వాక్యం సగంలో ఉండగా ఆ హోరు పలచబడింది. ఒక లారీ పొడుగ్గా హారన్ కొట్టింది. తర్వాత ఏమీ లేదు. సామాన్లు తీసేసిన ఇంట్లో మాట్లాడినట్టు నా గొంతు ఒక్కటే మిగిలింది.

చదివేటప్పుడు నేను గమనించలేదు. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయేమోనని తీసి చూశాను. బయట కూడా అలాగే ఉంది.

బంద్ అయితే ముందే తెలుస్తుంది. ముందు రోజే పాలు, కూరగాయలు తెచ్చిపెట్టుకుంటాం, బడికి సెలవు ఇస్తారు, మా ఆయన ఇంట్లో ఉంటాడు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో బంద్ నాకు చదువుకునే రోజు. రోడ్డు నోరు మూసుకునేది, రికార్డింగు శుభ్రంగా వచ్చేది. కానీ ఆ రోజు బంద్ లేదు. ఎవరూ చెప్పకుండా వచ్చిన నిశ్శబ్దం అది. పాప బడిలో ఉంది. మా ఆయన ఎల్‌బీ నగర్‌లో, ఆంధ్రా ఊళ్ళకు వెళ్ళే ప్రైవేటు బస్సుల టికెట్ కౌంటర్లో ఉన్నాడు.

ఫోన్ చేశాను. స్విచ్చాఫ్ అని వచ్చింది.

మా ఆయనది గుడివాడ. నాది నల్లగొండ దగ్గర పల్లె. పెళ్ళప్పుడు అదేమంత పెద్ద విషయం కాదు, కులం కలిసింది, జాతకం కలిసింది, చాలనుకున్నారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నాక అదే మొదటి విషయమైంది. మా అక్కకు ఫోన్ చేస్తే పిల్లల సంగతి అడగకముందే, మీ ఆయన ఎటు దిక్కు అని నవ్వుతూ అడిగేది. పై అంతస్తులో ఉండే ఇద్దరు ఆడవాళ్ళు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. నేను మెట్లెక్కుతుంటే వాళ్ళ మాట ఆగిపోయి, నేను దాటాక మళ్ళీ మొదలయ్యేది. ఎవరూ నన్ను ఒక మాట అనలేదు. ఎవరితోనూ మాట్లాడటానికి మాత్రం లేకుండా పోయింది.

అప్పుడే ఆ పుస్తకాలు దొరికాయి. హక్కుల గడువు తీరిపోయిన పాత పుస్తకాలను ఎవరెవరో తమ ఇళ్ళల్లో కూర్చుని గట్టిగా చదివి, రికార్డు చేసి, ఎవరైనా ఉచితంగా వినేటట్టు ఇంటర్‌నెట్‌లో పెడతారు. డిగ్రీలో పరీక్ష కోసం గైడు బట్టీపట్టి గట్టెక్కిన ఇంగ్లీషు నవలలను నేను అంట్లు తోముతూ విన్నాను. చదివేవాళ్ళు నటులు కాదు. ఒకావిడకు జలుబు. ఒకాయన అధ్యాయం మధ్యలో పేజీ తిప్పితే ఆ చప్పుడు వినిపించేది. ఒకచోట దూరంగా కుక్క మొరిగితే ఆవిడ ఆగి, అది మానుకునేదాకా ఉండి, మళ్ళీ చదివింది. ఆ కాసేపు ఇద్దరం కలిసి ఎదురుచూసినట్టు అనిపించింది నాకు. వాళ్ళెవరూ నన్ను ఏ ఊరు అని అడగరు.

తెలుగులో వెతికితే దాదాపు ఏమీ లేవు. అందుకని నేనే చదువుతానని వాళ్ళకు రాశాను. నాకు దొరికింది మా నాయనమ్మ పుట్టకముందు అచ్చయిన ఒక కథల పుస్తకం, పూర్తిగా గ్రాంథికం. పోవుచున్నాము అని రాయరు, ముందు మాట చివర అరసున్న పెట్టి బోవుచున్నాము అంటారు. మొదట్లో నాలుక తిరిగేది కాదు. వంట చేస్తూ పది సార్లు చెప్పుకునేదాన్ని. అడవిలో దారి తప్పిన ఆ జంటను ఎదురైన ప్రతివాడూ మీరెక్కడికని అడుగుతాడు, వాళ్ళు ప్రతిసారీ అదే జవాబిస్తారు: మేము గృహమునకు బోవుచున్నాము. మా పాప, అప్పుడు ఒకటో తరగతి, తలుపు దగ్గర కూర్చుని ఇదంతా వినేది. ఎవరి కోసం చదువుతున్నావమ్మా అని ఒకసారి అడిగింది. మనకు తెలియనివాళ్ళ కోసం అని చెప్పాను.

మేం చదివినదాన్ని పుస్తకంతో సరిచూసి తప్పులు పట్టే వాలంటీరు ఒకరు ఉండేవారు. ఆడో మగో నాకు తెలియదు, మెయిల్ కింద పొడి అక్షరాలే ఉండేవి. మొదటి కథకు వచ్చిన జవాబులో మెచ్చుకోలు ఉంది, దాని కింద ఒక మాట: "వచ్చెను అని ఉన్నచోటల్లా ఒచ్చెను అని వినబడుతోంది. వీలైతే మళ్ళీ చదవగలరా?" నేను మళ్ళీ విన్నాను. నిజమే. గ్రాంథికం అంతా సరిగ్గా పలికి, ఆ ఒక్క మాట దగ్గర మా ఊరు బయటపడింది. యాస ఎవరిదైనా పరవాలేదు, పుస్తకంలోని మాట మాత్రం మార్చకూడదు అన్నది వాళ్ళ నియమం. ఒచ్చెను అన్నది యాసా, మాట మార్చడమా? వేరే ఏడాదిలో అయితే నవ్వి దిద్దేసేదాన్ని. ఆ ఏడాది, మన మాటను చూసి నవ్వుతారనే కదా రోడ్ల మీద అంత కోపం. దిద్దలేదు, జవాబూ రాయలేదు. తర్వాతి కథకు పోయాను. ఆ రోజు వింటున్నది ఆ కథే.

మా చిన్నవాడు, బాబు, మంచం మీద నిద్రపోతున్నాడు. వాణ్ని భుజాన వేసుకుని కిందికి దిగాను. కింద మా ఇంటి ఓనరు వాళ్ళమ్మ ఉంటుంది, మా పక్క పల్లె నుంచే వచ్చిన ముసలావిడ, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. నా మొహం చూడగానే లేచి వచ్చింది. వాణ్ని అందుకుని, "నువ్వు పో బిడ్డా, జర మెల్లగ పో. ప్రార్థన నేను చేస్త" అంది.

రోడ్డు మీద బస్సులు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి, లోపల మనుషులు లేరు. కోచింగ్ సెంటర్ల షట్టర్లు సగం దించి ఉన్నాయి. దూరంగా నినాదాలు, ఉన్నట్టుండి మొదలైన రాస్తారోకో. బడి దగ్గర గేటు సందులోంచి ఒక్కొక్క పిల్లను బయటికి పంపిస్తున్నారు. పాప నన్ను చూసి, "ఏంటమ్మా, అప్పుడే వచ్చేశావేంటి?" అంది గట్టిగా.

నా భయం అదే. పాపను పుట్టినప్పటి నుంచి మూడేళ్ళు గుడివాడలో వాళ్ళ నానమ్మ పెంచింది. అచ్చం వాళ్ళ నాన్న మాట. ఆటో అతనికి కూడా అండీ తగిలిస్తుంది. పైగా మీ ఊరేది అని ఎవరడిగినా గుడివాడండీ అంటుంది. ఊరంటే నానమ్మ ఉండే చోటు దాని లెక్కలో. మాట్లాడొద్దని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్తే ఎందుకని అడుగుతుంది, అదీ గట్టిగానే అడుగుతుంది. చెయ్యి పట్టుకుని నడిచాను.

మా సందుకు కొంచెం ఇవతల రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. హాస్టళ్ళలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల్లాగే ఉన్నారు. ఎండకు మొహాలు కమిలిపోయి, గొంతులు బొంగురుపోయి. వాళ్ళల్లో సగం మందిది మా జిల్లానే అయి ఉంటుంది. నుదుటికి గుడ్డ కట్టుకున్న అతను, బండ్లు పోనిస్తలేం గాని నడిచేటోళ్ళను ఆపుతలేమని చెప్పి తాడు ఎత్తబోయాడు. ఎత్తుతూ పాపను చూసి వంగాడు. ముద్దు చేద్దామనే.

"ఏం పాపా, బడి ఎగ్గొట్టినవా? ఏ ఊరు మీది? యాడికి పోతున్నరు?"

నేను చెప్పాలి. నల్లగొండ అని నేను ఒక్క మాట అంటే అయిపోయేది. పుస్తకాలు గడగడా చదివేదాన్ని, ఆ ఒక్క మాట అనలేకపోయాను. పాప అతని మొహంలోకి చూసింది. చేతులు వెనక్కి కట్టుకుంది. నేను చదివేటప్పుడు ఆగే చోటే ఆగుతూ, ఒక్కో మాట విడదీసి చెప్పింది.

"మేము... గృహమునకు... బోవుచున్నాము."

వంగినవాడు నిటారుగా లేచాడు. వెనకనుంచి ఒకడు పక్కున నవ్వాడు.

"ఏంది భై, ఏం భాష ఇది? మనది కాదు, ఆళ్ళది కాదు."

"రాజుల కాలంది రా. అక్కా, హరికథ నేర్పిస్తున్నవా ఏంది బిడ్డకు?"

నుదుటికి గుడ్డ కట్టుకున్నతను తాడును తలపైకి ఎత్తి పట్టుకుని, నడుం వంచి దారి చూపించాడు. "బోవుండ్రి తల్లీ, గృహమునకు బోవుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సందులోకి తిరిగాక పాపను ఆపాను. అలా ఎందుకు చెప్పావని అడిగాను.

"తెలియనివాళ్ళతో అలాగే కదమ్మా మాట్లాడేది. నువ్వు వాళ్ళకి అలాగే చెప్తావు కదా" అంది.

మధ్యాహ్నమంతా మా ఆయన ఫోన్ స్విచ్చాఫే. టీవీలో ఒక బస్సు అద్దం పగిలిన బొమ్మనే మళ్ళీ మళ్ళీ చూపించారు, ఆ బస్సు ఏ కంపెనీదో కనిపించలేదు. పిల్లలకు అన్నం పెట్టి, టీవీ శబ్దం తీసేసి, తలుపు దగ్గర కూర్చున్నాను. ఆయనకు ఇన్నేళ్ళయినా ఇక్కడి మాట రాలేదు. సరదాకు ఏంది అన్నా సాగదీసి అంటాడు, విన్నవాళ్ళకు ఎక్కిరించినట్టే ఉంటుంది. ఎవరైనా ఆపితే ఏమని జవాబు చెప్తాడో అని, ఆయన బదులు నేనే లోపల రకరకాల జవాబులు చెప్పుకున్నాను. ఒకటీ అతకలేదు.

పొద్దు గూకుతుండగా వచ్చాడు. చొక్కా అంతా చెమట, ఒంటి మీద దెబ్బ లేదు. మంచం మీద కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగి గ్లాసు చేతికిచ్చాడు. పాప వచ్చి ఒళ్ళో కూర్చున్నాక నోరు విప్పాడు.

కౌంటర్ షట్టర్ దించేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారట. ఆయన మెయిన్ రోడ్డు వదిలి గల్లీల్లోంచి నడిచాడు. "మధ్యలో నువ్వు ఫోన్ చేస్తే మాట్లాడాలి కదా, అందుకే కట్టేశాను" అన్నాడు. కొత్తపేట దగ్గర ఎండకు కళ్ళు తిరిగి ఒక అరుగు మీద కూర్చుంటే, ఆ ఇంటి పెద్దాయన చెంబుతో నీళ్ళు తెచ్చి, యాడికి పోవాలె అని అడిగాడట. ఈయన గొంతు మీద వేలు పెట్టి, మాట రాదన్నట్టు చెయ్యి ఊపాడట.

"నిజంగానే మూగవాణ్ననుకున్నాడు. చెయ్యి పట్టుకుని జనం లేని చోట రోడ్డు దాటించాడు. జాగ్రత్త అన్నట్టు భుజం కూడా తట్టాడు." చెప్తూ నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "ఆయనకి థాంక్స్ కూడా చెప్పలేదు."

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆయన, నువ్వు చదివింది పెట్టు, వింటాను అన్నాడు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అడగలేదు. చెరో చెవికి ఒకటి పెట్టుకున్నాం. రోడ్డు ఆగిపోయే చోటు వచ్చినప్పుడు ఆయన నా మొహం చూశాడు. ఆ భాగం మళ్ళీ చదవాలని అంతకుముందు అనుకున్నాను. చదవలేదు. ఒచ్చెను కూడా ఉన్నది ఉన్నట్టే ఉంచి పంపేశాను. కొన్నాళ్ళకు ఆ పొడి అక్షరాల మనిషి దగ్గర నుంచి జవాబు వచ్చింది. తప్పులేమీ రాయలేదు. "మధ్యలో వెనక చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అక్కడ అంతా క్షేమమేనా?" అని ఉంది. మా వాళ్ళల్లో ఎవరూ అడగని మాట. ఇప్పటికీ పిల్లలు పడుకున్నాక అప్పుడప్పుడూ ఆ మెయిల్ తెరుస్తాను.

ఆ గొడవ మర్నాడు తెల్లవారి బస్సులు మళ్ళీ మామూలుగానే తిరిగాయి. పాప బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి, "మేము పాఠశాలకు బోవుచున్నాము" అంది. బాబు వెనకే, బోవు బోవు అని గెంతుతున్నాడు. పాప ఆట కోసం అనలేదు. బయటికి పోయేటప్పుడు గొడుగు తీసుకున్నట్టు తీసుకుంది ఆ మాటను. ఆయన బూట్లు వేసుకుంటూ తలెత్తి నా వైపు చూశాడు. ఏది చెప్తే మేలో నాకూ తెలియదు. పాప ముందు కూర్చుని, బాబును దగ్గరికి లాక్కున్నాను.

"పుస్తకం మాట పుస్తకంల ఉండనీ. ఎవరన్న మీది ఏ ఊరని అడిగితే, మా నాన్నది గుడివాడ, మా అమ్మది నల్లగొండ, మేం ఈడనే ఉంటం అని చెప్పుండ్రి. నాన్న లెక్క మాట ఒస్తే నాన్న లెక్కనే చెప్పు, నా లెక్క ఒస్తే నా లెక్క చెప్పు, గాబరా పడొద్దు. ఇంకోటి. ఎవరన్న మీకు నీళ్ళిస్తే, నోరు తెరిచి థాంక్స్ చెప్పాలె."