మిస్ వెర్నా తెచ్చిన డిస్కులు

2009 మార్చి 14, శనివారం ఉదయం 10:20కి అమెరికాలోని లూసియానాలో, అక్కడ ఫ్రెంచి మాట్లాడే కేజన్ల పాత పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఈ తరానికి వినిపించేవారి గదికి వెళ్లాను. కేజన్ ముసలావిడ ఒకరు, తమ ఇంట్లోనే రికార్డు చేసుకున్న పదకొండు గ్రామఫోన్ డిస్కులు తెచ్చారు. వాటికి మరో కాపీ ఎక్కడా లేదట.

ఎనిమిదింటిలో ఫిడేలు చక్కగా పలికింది. మిగిలిన మూడూ ఆమె తల్లి పాడినవి. గీతలు అరిగిపోయి, ముల్లు పెడితే గరగర తప్ప ఏమీ రాలేదు.

"మిస్ వెర్నా, వీటిని గిన్నెలతోపాటు తోమారా?" అన్నాడు డిస్కులు పెడుతున్న టెక్నీషియన్.

"రోజూ విన్నాం నాయనా. అమ్మ పోయాక ఇవి పెట్టందే నాన్న అన్నం ముట్టేవాడు కాదు."

"మరి ఆ ఫిడేలు?"

"మా మామయ్యది. అది పెడితే పిల్లలం పెరట్లోకి పారిపోయేవాళ్లం."

ముగ్గురం నవ్వాం. అమ్మ పాటలు ఇంకోసారి పెట్టమని ఆమె అడిగారు. మళ్లీ గరగరే.

మామయ్య ఫిడేలు ఎనిమిది డిస్కులూ దక్కాయి. అమ్మ పాటలు మూడూ పోయాయి.