మూత మీద వేసిన నెపం

కోరుట్లలో నేను పనిచేసే ల్యాబులో నాకు గయ్యాళి అని పేరు. రక్తం తీసిన ట్యూబుకు మూత సరిగ్గా పెట్టకపోతే ఎవరినైనా ఏకిపారేస్తాను. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో కొలిచే పరీక్షకు అది మరీ ముఖ్యం. మూత వదులైతే గ్యాసు ఎగిరిపోయి అంకె తక్కువ చూపిస్తుంది. నిజంగానే తగ్గిందంటే మాత్రం చాలాసార్లు రక్తంలో ఆమ్లం పెరిగిందని అర్థం. నేను రోజూ చేసే పరీక్షే.

మా బాపు సిరిసిల్లలో ముప్పై ఏళ్లకు పైగా సాంచాలు నడిపాడు. ఆ మరమగ్గాల షెడ్డులో దూది లేచి జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. మా వాడలో యాభై దాటిన మగవాళ్లెవరు ఆయాసపడ్డా "దూది ఎక్కింది" అనేస్తారు. ఇక దాని గురించి మాట్లాడేది ఉండదు. బాపుకూ అదే అన్నారు. ఆర్ఎంపీ పీల్చే పంపు ఇచ్చాడు. ఆర్నెల్లు పీల్చాడు. "పంపు మరిచిపోకు బాపూ" అని నేనూ ఫోన్లో సతాయించాను. చదువుకున్నదాన్ని, ల్యాబులో ఉన్నదాన్ని, ఒక్కసారైనా వేరే ఆలోచన రాలేదు. సిరిసిల్లలో పుట్టి పెరిగినదాన్ని కదా.

ఒక ఆదివారం వెళ్లేసరికి మంచం మీద కూర్చుని, పరుగెత్తి వచ్చినవాడిలా గుండెల నిండా ఊపిరి తీస్తున్నాడు. పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. లవణాలు తగ్గాయేమోనని రక్తం తీసుకుని, బస్సులో కోరుట్ల తెచ్చి, నేరుగా ల్యాబుకు పోయి మిషన్లో పెట్టాను. సోడియం, పొటాషియం కొంచెం అటూ ఇటూ. కార్బన్ డయాక్సైడ్ తొమ్మిది. ఇరవై రెండుకు పైన ఉండాలి.

ట్యూబు చూసుకున్నాను. మూత బిగుతుగానే ఉంది. అయినా బస్సు కుదుపులకు వదులై ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. మూత పూర్తిగా ఊడినా కొంత తగ్గుతుంది గానీ ఇంతలా పడిపోదు. అది నాకు తెలుసు. వేరేవాళ్ల రక్తమైతే అప్పుడే ఫోను చేసి ఆసుపత్రికి తరిమేదాన్ని. ఆమ్లం పెరిగితే ముందు కిడ్నీలనే అనుమానించాలి. అదే ట్యూబులో కిడ్నీ పరీక్షకు సరిపడా రక్తం మిగిలింది. చేయలేదు. భయమేసింది. రిపోర్టు ప్రింటు కూడా తీయలేదు.

"ఏమచ్చింది బిడ్డా?" అని బాపు ఫోను చేశాడు.

"ఏం లేదు బాపూ. రక్తం పాడైంది. అచ్చే ఐతారం నువ్వే రా, మల్ల తీస్త" అన్నాను.

ఆ వారమంతా మామూలుగానే వండాను, తిన్నాను, నవ్వాను కూడా. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆదివారం కారు మాట్లాడుకుని వచ్చాడు. ల్యాబుకున్న మూడు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. రక్తం తీసి అక్కడికక్కడే మిషన్లో పెట్టాను. ఎనిమిది. ఈసారి కిడ్నీ పరీక్ష కూడా చేశాను. అంకె ఉండాల్సినదానికి పదింతలు ఉంది. అదే కారులో జగిత్యాలకు, కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరు బాపు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఊపిరితిత్తులు సాఫ్ ఉన్నయమ్మా. కిడ్నీలు ఖరాబైనయి. రక్తంల ఆమ్లం పెరిగింది. దాన్ని తగ్గించెటందుకే గిట్ల ఊపిరి తీస్తున్నడు."

మేమంతా దూది ఎక్కిందని నిందించిన ఆ ఊపిరితిత్తులే ఆయన్ని అన్నాళ్లు నిలబెట్టాయి.

"గీ టెస్టు ఇంతకుముందు ఎప్పుడన్న చేసిన్రా?" అని అడిగాడు డాక్టరు.

"లేదు సార్. ఇయాల్లనే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

బాపు నా వైపు చూడలేదు. "ఇయాల్లనే సారు" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నా బిడ్డ..." మళ్లీ తీసుకున్నాడు. "జర్ర గూడ ఆలస్యం చెయ్యలే."

వెంటనే డయాలసిస్ మొదలుపెట్టారు. మూడో రోజు పోయాడు.

వారం ముందే తెచ్చి ఉంటే బతికేవాడా అని ఆ డాక్టరును అడగాలని ఎన్నిసార్లో జగిత్యాల దాకా వెళ్లి, ఆసుపత్రి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాను. అడగాలంటే ముందు బాపు ఆ రోజు చెప్పింది అబద్ధమని చెప్పాలి. అది నాచేత కాదు.