జీవాల్లేని ఫోటో

వెలిగండ్ల దగ్గర ఒక ఊరి మేతబీడు పక్కన బండి ఆపాను. ఎదురుగా నల్లటి గుట్ట, దాని కింద ఒంటి తుమ్మచెట్టు, ఎప్పుడో పాతిన పొడవాటి సరిహద్దు రాయి. మనిషి అలికిడి లేదు. ఇలాంటి ఖాళీ దృశ్యాల కోసమే నేను కెమెరా మోసుకుని తిరుగుతుంటాను.

స్టాండు బిగించి తలెత్తేసరికి రాయి ముందు మేకలు. పోతాయేమోనని ఆగాను. పోలేదు సరికదా, గుట్ట వైపు నుంచి గొర్రెలు, రోడ్డు వైపు నుంచి రెండు బర్రెలు వచ్చి చేరాయి. నేను కెమెరా ఎటు తిప్పితే అటు, కర్ర పట్టుకుని ఒక ముసలావిడ వాటిని తోలుతోంది.

“అవ్వా, కాస్త పక్కకు తోలవా? ఒక్క ఫోటో తీసుకుని పోతాను.”

“ఎందుకు తోలాల? నువ్వు ఖాళీ బీడు చూపిస్తే, పైనోళ్లు ఊరికే పడుందని ఏ కంపెనీకో రాసిచ్చేస్తారు. మా జీవాలు యాడ మేయాల? తీసుకో నాయనా, జీవాలతోనే తీసుకో.”

నేను ఆఫీసు మనిషిని కాదని, సరదాకి తీస్తున్నానని చెప్పాను.

“పోయినసారి వచ్చినాయనా అట్లనే చెప్పినాడు,” అని నవ్వింది.

చేసేదిలేక జీవాలతోనే తీసి చూపించాను. ఆవిడ కళ్లు చికిలించి చూసి, “ఏంది, బర్రె తోక పడలేదే? ఇంకోటి తీయి,” అంది.

ఇంకోటి తీశాను. బండెక్కుతుంటే ఆవిడ రొంటినున్న ఫోను తీసి చెవిన పెట్టుకుంది.

“తీసేసినాడు. ఇంక ఎవురి జీవాలు వాళ్లొచ్చి తోలుకపోండి. వాన పడేదాకా ఈడ గడ్డిపోచ ఉండదు, ఆకలికి అరుస్తన్నాయి.”