అవ్వ సూదులు నూరిన రాయి

మా అవ్వ పోయిందన్న కబురు తిరుత్తణి నుంచి వచ్చేసరికి నేను తిరువళ్ళూరులో అమ్మ దగ్గరున్నాను. ఫోను అందుకున్న పాస్టరయ్య ఇంటికొచ్చి, "అవ్వ ప్రభువులో నిద్రించిందమ్మా" అన్నాడు. నలభై ఏళ్ళు రోగుల్ని నిద్రలేపి మందు మింగించిన మనిషి నిద్రించిందంటే నమ్మబుద్ధి కాలేదు.

తిరుత్తణిలో ఒక చిన్న ఆసుపత్రిలో అవ్వ నర్సు. ఆమెను చూసే నేనూ నర్సునై అక్కడే చేరాను. గాజు సిరంజీలు, ఉడకబెట్టి మళ్ళీమళ్ళీ వాడే సూదులు. పదిమందికి గుచ్చేసరికి మొన మొద్దుబారుతుంది. ఉద్యోగం అయిపోయాక కూడా అవ్వ రోజూ సాయంత్రం వచ్చి, చిన్న సానరాయి మీద ఒక్కో సూదినీ నూరి, దూదిమీద గీసి చూసేది. పోగు తగులుకుంటే మళ్ళీ నూరేది. "నొప్పి రోగానిదై ఉండల్ల పాపా, మనది కాగూడదు" అనేది.

పక్క ఊళ్ళో మామిడితోటల పెద్దాయన ఇంట్లో మూడు పురుళ్ళూ పోసింది అవ్వే. మూడుసార్లూ దొడ్డిదారినే రానిచ్చారు. మూడోసారి నేనూ వెంట వెళ్ళాను. బిడ్డ అడ్డం తిరిగింది, తల్లి కళ్ళు తేలేసింది. అవ్వ ఇద్దర్నీ దక్కించింది. మేం బయట చెప్పులు వేసుకుంటుండగానే పెద్దాయన పనిమనిషిని కేకేశాడు. "ఏమే, పేడనీళ్ళు చల్లు. వాళ్ళు నడిచిన తావంతా చల్లు!" ఆ నీళ్ళు అవ్వ తెల్లచీర అంచుమీద పడ్డాయి.

దారిలో నేను మండిపోయాను. "బిడ్డను తీసింది ఈ చేతుల్తోనే కదా, అప్పుడు మైల అంటలేదా?"

"అంటింది లేమ్మా. ఆ బిడ్డకు నా చెయ్యి జల్మంతా అంటుకోనే ఉంటాది. యాడని కడుగుతారు?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆనాటి నుంచి ఇంట్లో ప్రార్థనలో అవ్వ ఆ ఇంటిని కూడా తలుచుకునేది. అందరూ ఆమెన్ అనేవాళ్ళు. నేను పళ్ళు బిగబట్టుకునేదాన్ని.

అవ్వను సమాధి చేసిన నాలుగో రోజు డ్యూటీకి వెళ్తే, బెంచీ మీద ఆ పెద్దాయనే. కాల్లో తుప్పుమేకు దిగింది, ధనుర్వాతం సూది వేయాలి.

"ముసిల్ది పోయినాదంట గదా. మంచి చెయ్యి" అన్నాడు.

ముసిల్ది! ట్రేలో అన్నిటికన్నా మొద్దు సూదిని ఏరుకున్నాను. చెప్పొద్దూ, అది చేతిలో ఉంటే ప్రాణం ఎంత హాయిగా ఉందో. మెల్లగా, తిప్పితిప్పి గుచ్చాలనుకున్నాను. ఇంతలో పాడు అలవాటు, దాన్ని దూదిమీద గీశాను. పోగు తగులుకుంది. ఇక నా చెయ్యి సాగలేదు. నన్ను నేను తిట్టుకుంటూ అవ్వ రాయి తీసి నూరాను, ఉడకబెట్టాను, వేశాను.

"ఏసేసినావా? తెలీనే లేదే" అన్నాడు.

అవ్వ గెలిచింది. నా కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఆయన చెప్పులు వేసుకుంటుండగానే ఫినాయిల్ బకెట్టు తెచ్చి, కూర్చున్న బెంచీ, నడిచిన తావంతా కడిగాను. నీళ్ళు ఆయన పంచె అంచుమీద పడ్డాయి.

"ఏందిమ్మా ఇది?"

"మా అవ్వకు మీ ఇంట్లో జరిగిన మర్యాదేనయ్యా."

ఇది అవ్వకు నచ్చదని నాకు తెలుసు. అయినా నేను బాధపడటం లేదు.

వచ్చే నెల ఆయన రెండో సూదికి రావాలి. ఆయనకోసమే ఒక సూది నూరి, దూదిమీద గీసి చూసి పెట్టాను. పక్కనే ఫినాయిల్ బకెట్టు కూడా పెట్టాను.