ఆ చేప వేపుడు నాది కాదు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం మీద నిలబడి వంట చేస్తున్నాను. మోసీ మోసీ భుజాలు పడిపోయాయి. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. జాలి మాత్రం పడకండి. నాకది అక్కర్లేదు.

అనకాపల్లిలో హైవే పక్కనున్న ఒక హోటల్లో పనిచేస్తాను. భోజనానికి ముందు వడ్డించే చేప ముక్కలు, చివర్లో ఇచ్చే చాక్లెట్ పుడ్డింగ్, రెండూ నా పేరు మీదే నడుస్తాయి. పుడ్డింగ్ నాదే. కోకోలో పంచదారకి బదులు బెల్లం పాకం పోసి, వెన్న వేసి, చెంచా నిలబడేంత చిక్కగా ఉడికిస్తాను. ఫోన్‌లో చూసి, ఎన్నోసార్లు మాడ్చి, ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే నేర్చుకున్నాను. చేప మాత్రం మా తోటికోడలు సత్యవతక్కది.

ఆమెది మునగపాక. ఉప్పు, పసుపు, కారం, వాము, కాస్త చింతపండు రసం. అంతే. ముక్కలకి పట్టించి పెనం మీద కదపకుండా వదిలేసేది. ఎప్పుడు తిప్పాలో నూనె చప్పుడు విని చెప్పేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా మామగారి స్నేహితుడు భోజనానికి వచ్చాడు. కొత్తగా హోటల్ పెట్టి వంటమనిషి కోసం చూస్తున్నాడు. నేను వడ్డించాను. చేప తిని వేళ్లు నాక్కున్నాడు. పుడ్డింగ్ గిన్నె అడుగు దాకా చెంచాతో గీకాడు.

"రెండూ ఒక్క సెయ్యేనేటమ్మా? అయితే రేపట్నించే వచ్చీ. నాను ఒక్కల్నే పెట్టుకోగల్ను" అన్నాడు.

రెండో వాయి చేపల పళ్లెంతో అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రెండూ నానే సేసేనండి" అన్నాను.

నోరు జారిందని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. ఆమె కళ్లలోకి చూస్తూనే అన్నాను. తెలిసిన మా అత్తగారు కూడా పరాయివాడి ముందు ఎందుకని ఊరుకుంది.

ఆయన వెళ్లాక వంటింట్లో అక్క ఒక్కసారే అడిగింది.

"నన్నడిగుంటే ఇచ్చీదాన్ని గదే. అడక్కుండా ఎందుకు తీసుకున్నావు?"

"నువ్విచ్చినా ఆయన ఒక్కల్నే అన్నాడు గదక్కా."

"మరి ఆ ఒక్కర్తీ నాను కాకూడదేటి?"

ఆ మాట అంతవరకూ నాకు తట్టలేదు. నిజంగానే తట్టలేదు. అసలు తప్పు అబద్ధమాడడమా, లేక ఆమెకీ బయటికి రావాలని ఉంటుందని ఒక్క క్షణమైనా అనుకోకపోవడమా? ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో చేప వండలేదు. "అది నీది గదా, నువ్వే సెయ్యి" అనేసింది.

పోయినేడాది అక్క తన కూతురి పుట్టినరోజని మా హోటల్‌కే వచ్చింది. ముక్క కొరికి, "వాము ఎక్కువైంది" అంది. మా యజమాని, అదే మామగారి స్నేహితుడు, నవ్వాడు. "మా వంటావిడకే వంక పెడతన్నారేటమ్మా?"

నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పేసి ఉండొచ్చు. చెప్పలేదు. లోపలికి వెళ్లి వాము తగ్గించాను. ఇప్పుడు అందరూ ఇంకా బాగుందంటున్నారు. అంటే ఆమె దగ్గర మళ్లీ తీసుకున్నాను.

అయినా ఈ పని వదలను. ఇద్దరం చేశామని చెప్పి ఉంటే ఇద్దరమూ ఆ వంటింట్లోనే ఉండిపోయేవాళ్లం. ఒకర్తెనే రమ్మన్నది నేను కాదు. ఆ మధ్యాహ్నం మళ్లీ వస్తే? మళ్లీ అదే మాట అంటానేమో. మంచిదాన్నని అనిపించుకోవడానికి మీతో ఇంకో అబద్ధం ఆడలేను.

అక్కని క్షమించమని అడగను. అడిగితే అదీ ఇచ్చేస్తుంది, ఆమె అలాంటిది. ఆమె దగ్గర ఇంకొకటి పుచ్చుకోను.

ఆ చేప సత్యవతక్కది. రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.