పారాణి పెట్టిన వాల్‌నట్లు

ఆ రోజుల్లో నాకు ఏ పనైనా వారంలో అయిపోవాలి. ఈ పరాయిదేశంలో చదువు ముగించి, మనురేవా అనే ఊళ్లో ముసలివాళ్లుండే ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరి రెండు నెలలైంది. ట్రయల్ పీరియడ్ అయ్యాక మేనేజర్ సంతకం పెడితేనే ఉద్యోగం నిలిచేది. అక్కడ ఒక చైనా తాతగారు రోజంతా అరచేతిలో రెండు వాల్‌నట్లు, పెంకులతోనే, గుండ్రంగా తిప్పుతూ కూర్చునేవారు. (పగలగొట్టలేక అవస్థ పడుతున్నారనుకుని మొదటిరోజు సుత్తి తెస్తానన్నాను. ఆయన రెండు కాయలూ జేబులో దాచేసుకున్నారు.) ఏళ్ల తరబడి చేతి జిడ్డు పట్టి అవి ఎర్రగా నిగనిగలాడేవి. మంచాలు సర్ది సర్ది నా మణికట్టు నొప్పెడుతోందని గమనించి, ఆయన డ్రాయర్‌లోంచి ఒక కొత్త జత తీసిచ్చారు. "రోజూ తిప్పు. ఒకదానికొకటి కొట్టుకోకూడదు. ఎర్రబడ్డాక చూపించు," అన్నారు వచ్చీరాని ఇంగ్లీషులో.

తిప్పాను. అవి నా చేతిలో కన్నా సోఫా కిందే ఎక్కువ తిరిగాయి. ప్రతి శుక్రవారం తాతగారు కళ్లద్దాలు పెట్టుకుని కాయల్ని చూసి, తల అడ్డంగా ఊపి తిరిగిచ్చేవారు. నాకు పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు గుర్తొచ్చేది. మూడు వారాలకీ రంగు రాకపోయేసరికి, ఫ్లాట్‌లో నాతో ఉండే తెనాలి అక్క, "దానికింత ఏడుపెందుకే? పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవదూ? పెళ్లికూతురి కాళ్లకి పెట్టట్లా?" అంది. సున్నం దొరక్క, వీధి చివరి డెయిరీలో (ఇక్కడ చిల్లరకొట్టుని అలాగే అంటారు) వంటసోడా కొని కలిపాం. పారాణి బ్రహ్మాండంగా కుదిరింది. కాయలకి పట్టించి, ఆరబెట్టి, పైన కొబ్బరినూనె రాశాను.

శుక్రవారం తాతగారు వాటిని అందుకుని చాలాసేపు తిప్పారు. మేనేజర్ వచ్చేసరికి ఆయన అరచెయ్యి, చొక్కా అంచు, తెల్లదుప్పటి అన్నీ ఎర్రగా ఉన్నాయి. రక్తమనుకుని ఆవిడ బెల్ నొక్కింది. ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చారు. ఇక నా ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. తాతగారు చెయ్యి వాసన చూసుకుని, "కర్రీ," అన్నారు. తర్వాత మేనేజర్‌తో, "రంగు వెయ్యమన్నది నేనే. ఈ అమ్మాయి వద్దనే అంది," అన్నారు. ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, దుప్పటి మార్చమని చెప్పి వెళ్లిపోయింది. అప్పుడాయన కాయలు నా చేతిలో పెట్టి మూడు వేళ్లు చూపించారు. మూడు వారాలా అన్నాను. "మూడేళ్లు," అన్నారు.

సంతకం పడింది. కాయల్ని టూత్‌బ్రష్‌తో తోమి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడవి నిజంగానే ఎర్రబడ్డాయి. చూపిద్దామంటే తాతగారు లేరు. గాడుల్లో మాత్రం ఆనాటి పసుపు ఇంకా కాస్త కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా ఆ తొందరపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. సూదితో గీకితే వచ్చేస్తుంది కానీ, తియ్యబుద్ధి కాదు.